కిటికీలో ఊగిన చెయ్యి

ఆ రోజుల్లో నాకు దేవుడంటే కూడా అంత భయం లేదు గానీ, ఆఫీసు ఫోనంటే ప్రాణం పోయేది. హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంట్ కాలేదు. అప్పటికే ఓసారి స్నానంలో ఉండి ఫోన్ తియ్యలేదని మా మేనేజరు, "ఇంకోసారి ఇలా జరిగితే సోమవారం మీరు రానక్కర్లేదండీ" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. (ఆ మర్యాదకే నాకు అన్నం దిగలేదు.) సరిగ్గా కొండాపూర్ చదరంగం పోటీకి పేరిచ్చాక, ఆ ఆదివారం ఫోన్ డ్యూటీ, అంటే సర్వర్లు పడిపోతే ఆఫీసు నుంచి వచ్చే ఫోన్ తీసే పని, నా నెత్తిన పడింది. హాల్లో ఫోన్ మోగితే ఆట పోయినట్టే. మోగినా తియ్యకపోతే ఉద్యోగం పోయినట్టే.

మా రూమ్మేటు వరంగల్ వాడు, దేనికీ బెంగపడని మనిషి. "ఫికర్ జెయ్యకురా. ఫోన్ నా తాన ఉంచు. మోగితే కిటికీ కాడ నిలవడి చెయ్యి ఊపుత, ఉరికి రా" అన్నాడు.

నా ఎదుట కూర్చున్నది రిటైరైన కాకినాడ పెద్దాయన. రేటింగులో నాకు ఏమాత్రం అందని మనిషి. ఆట ఇలా మొదలైందో లేదో, కిటికీలో చెయ్యి ఊగింది.

సర్వర్లన్నీ పడిపోయినట్టు, మేనేజరు మర్యాదగా మాట్లాడుతున్నట్టు కళ్ళముందు కనబడింది. ఓటమి ఒప్పుకుని లేచిపోవచ్చు కదా అంటారేమో. (నిజమే, ఇప్పుడు తడుతోంది.) అప్పుడు తోచిందల్లా ఆట త్వరగా తెమల్చడమే. ఆయన ఎత్తు వేసి చెయ్యి తీసేలోపు నేను చేతికందిన బంటును తోసి గడియారం నొక్కేవాణ్ణి. చెమటలు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగదు. ఇంత వేగంగా ఆడేవాడు ముందే అంతా చదువుకొచ్చి ఉంటాడనుకున్నాడు పాపం పెద్దాయన. లేని ఉచ్చులు వెతుకుతూ తన సమయమంతా కరగబెట్టుకున్నాడు. చివర్లో కంగారుపడి మంత్రిని తెచ్చి నా గుర్రం నోట్లో పెట్టాడు. అదే విసురులో తీసేశాను.

"భలే ప్రిపేరయ్యారండీ బాబూ! మీ గురువుగారెవరండీ?" అంటూ ఆయన ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపాడు. చెయ్యి విడిపించుకుని బయటికి పరుగెత్తాను.

"ఎవరు చేశార్రా? ఏం పడిపోయింది?"

"ఎవ్వలు జెయ్యలే. సమోసలు సల్లగైతున్నయని పిల్సిన. గంత పరేషాన్ ఎందుకురా?"

వాణ్ణి కొట్టాలో కావలించుకోవాలో తెలియక సమోసా తిన్నాను.

ఇప్పుడు నా రేటింగూ పెరిగింది, పొట్టా పెరిగింది. మొన్నామధ్య ప్రగతి నగర్ పోటీలో, నాకన్నా ఎంతో తక్కువ రేటింగున్న ఓ అమ్మాయి టకటకా ఎత్తులు వేస్తుంటే నాకు ముచ్చెమటలు పోశాయి. ఈమెకూ బయట ఏదో ఫోన్ భయం ఉండే ఉంటుందని ఆశగా కిటికీ వైపు చూశాను. ఎవరూ లేరు. ఆ పిల్లకి నిజంగానే ఆట వచ్చు.