ఆరో పాట ఏదో పెద్దబాపుకే తెలుసు

నిన్న పొద్దున ఉధ్నా స్టేషన్ దగ్గర షేర్ ఆటోలో ఉన్నాను. బాపు ఫోన్ చేశాడు.

"పెద్దబాపు పోయిండు బిడ్డా. ఇంటికి రా."

"సరే బాపు, క్లాస్ అయినంక వస్త" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. ఆటో ఇంకో రెండు స్టాపులు దాటాక గానీ ఆ మాట నాకు అర్థం కాలేదు.

నైట్ షిఫ్ట్ చేసి వచ్చాడట. చాయ్ తాగి పడుకున్నాడట. మళ్ళీ లేవలేదు.

మా పెద్దబాపు రాజేశం. బాపుకు సొంత అన్న. ముప్పై ఏళ్లు సూరత్‌లో పవర్‌లూమ్ సాంచాల మీద బట్ట నేశాడు. డిండోలిలో మా పక్క రూమే వాళ్లది.

ఇది చదివే మన డిండోలి వాళ్లలో చాలామందికి ఆయన "పాటల రాజేశం". కానీ ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు. వినేవాడు, అంతే.

ఆల్బమ్ పెడితే మొదటి నుంచి చివరిదాకా వినాల్సిందే. మధ్యలో ఎవరైనా పాట మారిస్తే ఊరుకునేవాడు కాదు.

"సగం బువ్వ తిని లేస్తరా ఎవలన్న?"

అన్నీ మా ఊళ్ల వైపు చిన్న చిన్న కంపెనీలు చేసిన పాత జానపదాల క్యాసెట్లు. అవి అరిగిపోయాక, ఊరికి వెళ్లినప్పుడు ఒక మొబైల్ షాపులో పాటలన్నీ మెమరీ కార్డులోకి ఎక్కించుకొచ్చాడు.

తంటా అక్కడే వచ్చింది. ఫోన్ ఆ పాటలను ఏబీసీడీల వరుసలో పెట్టేసింది.

పోయినేడు ఒక ఆదివారం ఫోన్ పట్టుకుని మా రూముకొచ్చాడు.

"బిడ్డా, కాలేజీ చదువుతున్నవ్ గద. ఈ ఫోన్‌కు జర బుద్ధి చెప్పు. పెండ్లి పాట కంటె ముందుగాల జోలపాట పెడుతుంది. ఇజ్జత్ లేదా దీనికి?"

చాలాసేపు నవ్వాను. ఒక్కో పాట పేరు ముందు నంబర్ వేస్తే చాలు, ఐదు నిమిషాల పని అనుకున్నాను. నోట్‌బుక్ తీసి వరుస చెప్పమన్నాను.

మొదటి పాట చెప్పాడు. రెండోది చెప్పలేకపోయాడు.

"పాట అయిపోవాలె బిడ్డా. అయిపోయినంకనే తర్వాతది యాదికొస్తది. గిట్ల ఉత్తగ అడిగితే నాకేమెరుక?"

పాటను చివరి పది సెకన్లకు జరిపి చూశాను. ఊహూ.

"నడుమల దుంకితె ఎట్లొస్తది!"

ఐదు నిమిషాల పని ఏడాది ఆదివారాలు పట్టింది. మొత్తం తొమ్మిది ఆల్బమ్‌లు.

నిజం చెప్తున్నాను, మొదట్లో విసుగొచ్చింది. నాకేమో ఎగ్జామ్స్. ఆయనవేమో నైట్ చేసి వచ్చిన ఎర్రటి కళ్లు. కొన్నిసార్లు పాట మధ్యలోనే కునికేవాడు. లేపితే "మళ్ల మొదటికెళ్లి పెట్టు" అనేవాడు. ఇద్దరం అలసిపోయేవాళ్లం.

పెద్దమ్మ చీరలకు స్టోన్లు అంటిస్తూ, తల ఎత్తకుండానే ఒక మాట విసిరేది.

"ఆ పాటలనే పెండ్లి చేసుకుంటె అయిపోవు. నన్నెందుకు తెస్తివి?"

"అవి వంట చెయ్యయి గద" అనేవాడు పెద్దబాపు.

నేను గుజరాతీ మీడియంలో చదివాను. తెలుగు అక్షరాలు నాకు వచ్చింది ఆ పాటల పేర్లు టైప్ చేస్తూనే. ఒక పాటలో "మొగులు" అని వచ్చింది. అంటే ఏంటని అడిగాను. మబ్బును ఇంట్లో మేం బాదల్ అనే అంటాం. ఆయన నన్ను బయటికి తీసుకెళ్లి, రెండు బిల్డింగుల మధ్య, కరెంటు వైర్ల పైన చూపించాడు.

"అగో. అదే మొగులు."

ఆ రోజంతా ఆ మాటను నోట్లోనే ఉంచుకున్నాను.

వినగా వినగా నాకూ తెలిసింది. ఒక ఆల్బమ్‌లో నాలుగో పాటలో వాన మొఖం చాటేయకపోతే, ఐదో పాటలో మనిషి బస్సెందుకు ఎక్కుతాడు? విడిగా వింటే ఐదోది మామూలు పాట. నాలుగోదాని తర్వాత వింటే ఆ మనిషి మన ఇంటి నుంచే వెళ్లిపోతున్నట్టు ఉంటుంది.

ఎనిమిది ఆల్బమ్‌లు పూర్తయ్యాయి. మూడు వారాల క్రితం తొమ్మిదోది మొదలుపెట్టాం. ఐదో పాట సగంలో ఉండగా కార్ఖానా సేఠ్ ఫోన్ చేశాడు. ఎవరో షిఫ్టుకు రాలేదట, రమ్మన్నాడు. పెద్దబాపు లేచి చెప్పులు వేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం నాకు అసైన్‌మెంట్. ఆ తర్వాతి ఆదివారం తలనొప్పి అన్నాను. తలనొప్పి లేదు. ఊరికే ఓపిక లేక అన్నాను.

ఇంకా మూడు పాటలు. బీడీల పాట, రైలు పాట, కోడికూత పాట. ఏది ముందో నాకు తెలియదు. ఆ ఆల్బమ్ ఇంటర్నెట్‌లో ఎక్కడా లేదు. నిన్న శ్మశానం నుంచి బాపు వాళ్లు తిరిగొచ్చేదాకా నా బుర్రలో ఆ మూడు పాటలే అటూ ఇటూ తిరిగాయి. ఏడవాల్సిన టైంలో ఇదేం ఆలోచన అని సిగ్గేసింది.

ఇవాళ మధ్యాహ్నం బాపు, ఫ్రేమ్ కట్టించడానికి పెద్దబాపు ఫోన్‌లో మంచి ఫొటో ఏదైనా ఉందేమో చూడమన్నాడు. వెతుకుతుంటే వేలు తగిలి పాట మొదలైంది. ఆగిన చోటు నుంచే. ఐదో పాట సగం.

ఆపాలి. ఆపలేదు. ఎవరూ ఆపమనలేదు కూడా.

పెద్దమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిన్నటి నుంచి నిద్రపోలేదు, మాట్లాడలేదు.

పాట అయిపోయింది. ఫోన్ మళ్లీ తన ఏబీసీడీల్లో పడి బీడీల పాట అందుకుంది.

"అది కాదు."

పెద్దమ్మ. గోడ వైపు నుంచే.

"ఇప్పుడు రైలు పాట రావాలె."

వెతికి పెట్టాను. దాని తర్వాత ఏది పెద్దమ్మా అని అడగబోయి ఆగిపోయాను. పాటను నడవనిచ్చాను.

రెండో చరణం దాటేసరికి ఆమె నిద్రపోయింది.

లేపలేదు. రైలు పాట ముందు మాత్రం ఆరు అని నంబర్ వేశాను.

పెద్దబాపూ, ఇంక నిన్ను షిఫ్టుకు ఎవలు పిలువరు. నిమ్మళంగ పండుకో.