నా కూతుర్ని నవ్వించిన డ్రిల్ మేడం

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉండగా నా కూతురు ఫోన్ చేసింది. "అమా, డ్రిల్ మేడం పోయిందంట" అనింది. ఆ తర్వాత ఏడుపే. ఇరవై రెండేళ్ల పిల్ల అట్లా ఏడుస్తుంటే నాకు ముందు కలిగింది బాధ కాదు. నేను పోతే ఇంతగా ఏడుస్తుందా అనిపించింది. సిగ్గుపడుతూనే మీకు చెబుతున్నాను.

ఉదయగిరిలో నేను బట్టలు కుడతాను. ఆరో క్లాసులో నా పిల్ల యూనిఫాం కుట్లు మూడు నెలలకోసారి విప్పి వదులు చేసేదాన్ని. మిషను దగ్గర గొడవ చేయకుండా ఉంటుందని చిప్సు, కూల్‌డ్రింకులు కొనిచ్చిందీ నేనే. బళ్లో బరువులు చూసిన రోజు ఎవరో దాని బరువు గట్టిగా చదివారు. అందరూ నవ్వారు. వారం రోజులు కడుపునొప్పని బడికి పోలేదు. అసలు సంగతి నాకు చెప్పలేదు. చూడ్డానికి ఇంటికొచ్చిన బడి డ్రిల్ మేడానికి చెప్పింది.

"సన్నబడమని పిల్లని పోరబాకమ్మా. ముందు ఆడనీ" అనింది ఆమె.

రోజూ పొద్దున్నే గ్రౌండులో పిల్ల పక్కనే నడిచేది. ఆమె సంచిలో ఉడకబెట్టిన శనక్కాయలు ఉండేవి. ఇంట్లో ఏమన్నా "మేడం అట్లా చెప్పలేదు" అనేది నా కూతురు. ఒకరోజు గోడవతల నిలబడి చూశాను. ఆయాసపడతా, పడీపడీ నవ్వుతా ఉండాది. ఆ నవ్వు నా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. కడుపు మండిపోయింది.

ఆ సాయంత్రం క్రీమ్ బన్నులు రెండు తెచ్చిపెట్టాను. "మేడానికి చెప్పబాకమా" అంటూ తినింది. ఆమెకి తెలియనిది మా ఇద్దరి మధ్య ఒకటుందని సంబరపడ్డాను.

మర్నాడు పిల్లే చెప్పేసింది. మేడం నన్ను ఒక్క మాటా అనలేదు. "రేపు నువ్వూ రామ్మా. నీతో నడవాలని ఉండాదంట దానికి" అనింది.

పౌరుషంతో నాలుగు రోజులు పోలేదు. అయిదో రోజు పోయాను. కొండ కింది దాకా ముగ్గురం నడిచాం. దోవలో పిల్ల నా చెయ్యి పట్టుకుని, బళ్లో తనని ఏమని పిలుస్తారో మొదటిసారి చెప్పింది. మేడం కావాలనే వెనకబడిందని చాలా ఏళ్లకి అర్థమైంది. అప్పటికీ ఆమెకి ఒక మంచిమాట చెప్పలేదు నేను.

పిల్ల పెద్దగా సన్నబడలేదు. ఆయాసం పోయింది. త్రోబాల్ టీములో చేరింది. "ఇంకేం కావాలమ్మా?" అనేది మేడం.

సమాధి రోజు కలిగిరి నుంచి, వింజమూరు నుంచి ఆమె దగ్గర ఆడిన ఆడపిల్లలు వచ్చారు. శవపెట్టె ఎత్తేటప్పుడు "ఆడోళ్లు వద్దులే" అన్నాడొకాయన. నా కూతురు వినలేదు. పెట్టె కింద భుజం పెట్టి మొగోళ్లతో పాటు లేచింది. వెనక నేను, అప్పుడు కూడా అసూయపడుతూనే, నడిచాను. ఎండకి దాని వీపంతా తడిసిపోయింది. ఒక్క అడుగు తడబడలేదు.