ఆమె ఏడవలేదు

ఆఫీసు పని మీద కువైట్ వెళ్లినప్పుడు, సాల్మియాలో ఒక ఇటలీ ఇంజినీరు ఇంట్లో వంట చేసే మా రత్నం పిన్నిని చూడ్డానికి వెళ్లాను. ఆ సాయంత్రం ఇంట్లో పిన్ని, ఆమె ‘మామా’ అని పిలిచే ఇంజినీరు గారి తల్లి మాత్రమే ఉన్నారు. నేను కథలు రాస్తానని పిన్ని చెప్పగానే ఆ పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో తన సంగతి మొదలుపెట్టారు.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ బట్టల మిల్లులో పనిచేశారట. అదే మిల్లులో పనిచేస్తూ, మిల్లు మనుషుల మీదే నవలలు రాసే ఒకాయన వాళ్ల వీధిలో ఉండేవాడట. పనిలోంచి తీసేసిన రోజు ఆవిడ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చినట్టు ఒక నవలలో రాశాడట.

“తిన్నగా ఆయన ఇంటికి వెళ్లాను. నేను ఏడవలేదు, మేస్త్రీ బల్ల మీద ఏప్రన్ విసిరికొట్టి వచ్చాను, అలాగే రాయమని అడిగాను.”

“రాశాడా?”

“క్షమించమన్నాడు. రెండో ముద్రణలో మార్చాడు.”

ఒక రచయిత మిల్లు కార్మికురాలి మాట విని అచ్చయిన పుస్తకాన్ని దిద్దుకోవడం నాకు వింతగా, హాయిగా అనిపించింది. పిన్నికి తెలుగులో చెప్పాను. టీ కప్పులు తీస్తూ అంది.

“నా గురించి రాస్తే ఏడిసేనని రాసుకోరా, పర్లేదు. వచ్చిన కొత్తలో ఏడిసేను కదా. కానీ నా చేపల పులుసంటే మామాకి ఎంతిష్టమో రాయకపోతే మాత్రం ఊరుకోను.”

ఆ మాట ఇంగ్లీషులో చెబితే పెద్దావిడ తలూపారు.

“తప్పకుండా రాయి,” అన్నారు. “అది నిజం.”