గౌరమ్మ ముందరి బల్బు

నా చిన్నప్పుడు ఒక సద్దుల బతుకమ్మ సాయంత్రం మట్టెవాడలోని మా గల్లీ పోగొట్టుకున్నవి వరుసగా చెప్తాను. మొదట వీధిలో కరెంటు పోయింది. ఆ తర్వాత ఎనిమిది బల్బుల వెలుగు, దాని వెంటే మా బాపు మొహంలో కళ పోయాయి. ఇంకాస్త ఆలస్యమైతే మా బాపమ్మ పాట కూడా పోయేది.

బాపమ్మకు ఆ ఏడు కాలు విరిగింది. గల్లీ దాటి నడవలేదు. పక్క గల్లీలో జనరేటర్ పెట్టారు. మా దగ్గర వెలుగు లేకపోతే ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని అక్కడికే పోతారు. ఏటా పాట ఎత్తుకునే మనిషి అరుగు మీద ఒంటరిగా మిగిలిపోతుంది. అందుకే ఆటో నడిపే మా బాపు బండి బ్యాటరీ విప్పి తెచ్చి, తొమ్మిది చిన్న బల్బులకు తీగలు కట్టాడు.

మా ఇంట్లో ఏదైనా ముందు గౌరమ్మకు పెట్టాకే మేం ముట్టేవాళ్లం. కరెంటుకూ అదే నియమం అనుకున్నాడు బాపు. బ్యాటరీ తీగను మొదట గౌరమ్మ దగ్గరి బల్బు గుండా పోనిచ్చి, దాన్ని దాటి వచ్చిన తీగకు మిగతా ఎనిమిదింటిని పక్కపక్కన కలిపాడు. గౌరమ్మ బల్బు బాగానే వెలిగింది. మిగతావాటిలో తీగ ఎర్రబడిందో లేదో కూడా తెలియలేదు.

"గౌరమ్మ ఒక్కతే ఆడుకుంటదట, మనం పోదాం పట్టుండ్రి" అని ఎదురింటి చిన్నమ్మ ఎగతాళి చేసింది. ఇద్దరు ముగ్గురు బతుకమ్మలు ఎత్తుకున్నారు కూడా. బాపమ్మ కొంగు సర్దుకుంది.

అప్పుడు ఇంటర్ చదువుతున్న పక్కింటి అక్క వచ్చి, బల్బులన్నీ మంచివేనని బాపుకు ధైర్యం చెప్పింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ముగ్గుతో నేల మీద ఆ తీగల బొమ్మ గీసింది. ఒక్కో బల్బు కరెంటుకు ఇరవై నాలుగు ఓముల అడ్డు అనుకోమంది. ఎనిమిది దారులు పక్కపక్కన తెరిచి ఉంటే పోవడం సులువు కనుక, ఆ ఎనిమిదీ కలిసి మూడు ఓములే. వాటి ముందు నిలబడ్డ గౌరమ్మ బల్బు మాత్రం ఒక్కటే ఇరవై నాలుగు. మొత్తం ఇరవై ఏడు. బ్యాటరీ పన్నెండు వోల్టులను దానితో భాగిస్తే అర ఆంపియర్ కూడా రాదు. గౌరమ్మ బల్బుకు అది దాదాపు సరిపోతుంది. దాన్ని దాటాక అదే కరెంటు ఎనిమిది పాళ్లవుతుంది.

"ముందుగల పెట్టుడంటే ఆమెను తొవ్వల నిలబెట్టుడు కాదు కాకా" అంది అక్క నవ్వుతూ.

తొమ్మిదింటినీ పక్కపక్కనే కలిపితే ఒక్కోదానికి పూర్తి పన్నెండు వోల్టులు, అర ఆంపియర్ అందుతాయి. బ్యాటరీ నాలుగున్నర ఆంపియర్లు ఇవ్వాలి. ఆట అయ్యేదాకా ఇస్తుందన్నాడు బాపు. కానీ మరి గౌరమ్మకు ముందు ఎట్లా అని ఆగాడు.

"ఆమె తీగ నువ్వు ముందుగల ముట్టియ్యి. దాని ఎనుక మిగతయి నేను కలుపుత."

అలాగే చేశారు. గౌరమ్మ ముందు వెలిగింది, ఆ వెంటనే మేమంతా వెలిగాం. ఎత్తిన బతుకమ్మలు మళ్లీ కిందికి దిగాయి. బాపమ్మ గొంతు సవరించుకుంది.

ఆట ముగిశాక అక్క నాతో ఇంకో మాట చెప్పింది. బల్బు చల్లగా ఉన్నప్పుడు అడ్డు తక్కువట, వేడెక్కితే ఎక్కువట. ఇరవై నాలుగు పూర్తిగా వెలిగే బల్బుది; వెలగని ఎనిమిదింటికీ అదే పట్టడం తన లెక్కలో కొరత. "మొదలు పారిన కరెంటుకు అసలు అంకె నువ్వు చెప్పాలె నాకు" అంది.

నేను కాలేజీకి పోలేదు. అయినా ఇప్పుడు మా వీధిలో ఎవరు మోటారు పెట్టినా, ఇంటికి వైరింగు చేయించినా ముందు నన్నే లెక్క అడుగుతారు. ఎవరి లెక్కకు కూర్చున్నా మొదట చూసేది ఒకటే: అందరి దారికి అడ్డంగా ఎవరిని నిలబెట్టాం అని. బాపు కట్టిన ఆ మొదటి కట్టులో పారిన కరెంటు అర ఆంపియర్ దాటలేదని కచ్చితంగా చెప్పగలను. పన్నెండును ఇరవై ఏడుతో భాగిస్తే వచ్చేదానికి తగ్గలేదని కూడా చెప్పగలను. ఆ రెంటి నడుమ ఉన్న ఒక్క అంకె, అక్కకు నేను ఇంకా బాకీ.