పడవ బండి చక్రం

పడవను ఎక్కించి ట్రాక్టరుకు తగిలించే రెండు చక్రాల బండి అది. బీర్పూర్ చేపలు పట్టేవాళ్లది. నీళ్లలోకి దించినప్పుడల్లా, చక్రాలు వేడి మీదుంటే ఇంకా ఎక్కువగా, వాటి బొడ్డులోకి తడి చేరి, లోపలి గ్రీసు మజ్జిగలా తెల్లబడుతుంది. అప్పుడు బేరింగులు ఊడదీసి, కిరోసిన్‌లో కడిగి, కొత్త గ్రీసు వేళ్లతో సందుసందునా దట్టించాలి. జగిత్యాల మెకానిక్ లక్ష్మీరాజానికి అది కళ్లు మూసుకుని చేసే పని.

ఎనభైల చివర్లో, ఒక బంద్ రోజు మాత్రం అతను ఊడదీయలేదు. దుకాణాలు మూయమని అడవిలోని నక్సలైట్ అన్నల మాట వచ్చింది, బజారంతా షట్టర్లు దించుతున్నారు. మూత తీసి పైపైన కొత్త గ్రీసు పులిమి, పని అయిపోయింది తోలుకుపొమ్మన్నాడు. డ్రైవర్ జలపతి నమ్మాడు.

బీర్పూర్ దారిలో అడవి మలుపు దగ్గర చక్రం బిగుసుకుపోయింది. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. బంద్ రోజున, అడవి పక్కన పడవ పెట్టుకుని ఎవరిని గోదారి దాటించడానికి ఆగావని అడిగారు. చక్రం సంగతి చెప్తే నవ్వారు. జలపతిని జీపెక్కించారు.

తెల్లారి అతని భార్య ఐలవ్వ దుకాణం ముందుకొచ్చి నిలబడింది.

"అన్నా, బండి ఖరాబైందని నువ్వొచ్చి చెప్తె ఇడుస్తరట. గా ఒక్క మాట చెప్పు."

స్టేషన్ మెట్లెక్కినవాడు అన్నల లెక్కలో ఏమవుతాడో లక్ష్మీరాజానికి తెలుసు. ఇన్‌ఫార్మర్ అన్న పేరు పడితే తిరుగులేదు. ఎక్కకపోతే జలపతి ఏమవుతాడో కూడా తెలుసు. పొద్దెక్కేదాకా పానాలు సర్దుతూ కూర్చుని, చివరికి లేచి ఆ మలుపుకు పోయాడు. చక్రం విప్పితే బేరింగు నీలంగా మాడి ఉంది. దాని వెనక పాత గ్రీసు, తెల్లగా. ముందు ఆ తెలుపును తుడిచేశాడు. తరువాత బేరింగును గుడ్డలో చుట్టుకుని, పట్టపగలు నలుగురూ చూస్తుండగా స్టేషన్‌కు పోయాడు.

"పాతది సారు. దానంతట అదే పోయింది," అన్నాడు.

ఎస్సై మాడిన ఇనుమును తిప్పి తిప్పి చూసి, చివరికి జలపతిని వదిలేశాడు. అరికాళ్లు వాచి, చెప్పులు చేతిలో పట్టుకుని జలపతి బయటికొచ్చాడు.

"నాదే తప్పు బావా. ఎప్పుడు జూడు, ఏడి మీదనే చక్రాలను నీళ్లల్లకు దింపుత. నా కోసం నువ్వు ఠాణా ఎక్కితివి."

లక్ష్మీరాజం నిజం చెప్పడానికే నోరు తెరిచాడు.

"ఇగ నుంచి జర సల్లారినంక దింపు," అన్నాడు.

తప్పు చేసినవాడిలా తల వంచుకుని విన్నాడు జలపతి.