చెడ్డరాజు వేషగాడు చూసిన యానిమే

ఇరవై రెండేళ్లుగా నేను ప్రతి ఎండాకాలం చస్తున్నాను. చాటుగా కాదు, వందల మంది ముందు, ముఖాన రంగు కారుతుండగా చస్తాను. పుంగనూరులో నాకు నాలుగు ఆవులున్నాయి. పాలు పోసి రావడం నా బతుకుదెరువు. వేసవి వచ్చిందంటే మాత్రం కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో వీధి నాటకం ఆడతాను. నాది చెడ్డరాజు వేషం. పద్దెనిమిదో రోజు తొడ విరిగి చచ్చే ఆ రాజు పేరు నేను చెప్పనక్కర్లేదు.

ఆ రోజు ఆట పట్టపగలే. రాజు బొమ్మను మట్టితో చేసి, నేల మీద పదిమంది మనుషుల పొడవున పడుకోబెడతారు. దాని చుట్టూ పరుగెత్తి, దాని మీదికెక్కి పోట్లాడి, చివరికి నేను దాని పక్కనే పడి చావాలి. ఒకప్పుడు నేను కనబడితే చాలు, ఆడవాళ్లు తిట్లు లంకించుకునేవాళ్లు. ఈ మధ్య సగం మంది ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటున్నారు, మిగతా సగం తలలు దించి ఇంకేదో చూసుకుంటున్నారు. పోయిన ఏడు నేను ప్రాణాలు విడుస్తుంటే, ముందు వరుసలో ఒకాయన ఫోన్లో టమోటా రేటు మాట్లాడుతున్నాడు. ఇంటికొచ్చి నా భార్యతో చెప్పేశాను: "ఇంగొక్క ఏడు ఆడతా. అప్పటికీ ఎవురూ సూడకపోతే కిరీటం అటక మీద పెట్టేస్తా." కోపంలో అన్న మాట కాదు, నిజంగానే అన్నాను.

మా అమ్మాయి మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. శనివారం ఇంటికొస్తే లాప్‌టాప్ ముందు నుంచి లేవదు. చూసేది యానిమే, అంటే జపాన్ వాళ్ల బొమ్మల కథ. కత్తియుద్ధాల కథ అట, సంపుటాలుగా వస్తుందట. మొదటి సంపుటంలో ఆరు భాగాలు. చూసినవాళ్లంతా నెట్‌లో ఒక పేజీలో అభిప్రాయాలు రాస్తారు. "నాయనా, రా, ఇది నీ యవ్వారమే. అంతా కొట్లాట" అని నన్ను పిలిచింది. బొమ్మల కొట్లాట నేనేం చూస్తాను అనుకుంటూనే, చేతికంటిన తవుడు తుడుచుకుని కూర్చున్నాను.

ఐదు భాగాలు ఓర్చుకున్నాను. కథానాయిక చిన్నపిల్ల, కత్తి విసురు బాగానే ఉంది. ఆరో భాగంలో విలన్ వచ్చాడు. మా నాటకంలో ఎవరు రావాలన్నా ముందు తెర వెనక నిలబడి, నేను ఫలానా అని పాడి, చిందేసి, అప్పుడు తెర తీయించుకోవాలి. నేనైతే పావుగంట పాడతాను. వీడు ఒక్క మాట అనలేదు. వానలో వంతెన మీద నిలబడి గొడుగు మూశాడు. నీళ్లు విదిలించాడు. మడతలు సర్దాడు. నిదానంగా పిట్టగోడకు ఆనించాడు. అంతే, రెండు నిమిషాలు. ఎదురుగా ఉన్న ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. ఇక్కడ నేనూ వెనక్కి జరిగాను. నా జన్మలో అంత పెద్ద వేషగాణ్ణి చూడలేదు. బొమ్మ అన్న సంగతే మరిచిపోయాను.

"మళ్లా పెట్టమ్మా" అన్నాను. మూడుసార్లు పెట్టించాను.

తర్వాత అమ్మాయి అందరి అభిప్రాయాలూ చదివి వినిపించింది. మొదటి సంపుటమే ఇట్లుంటే ముందు ముందు ఎట్లుంటుందో అని ఒకరు రాశారు. వాన చప్పుడుకే ఒళ్లు జలదరించిందని ఇంకొకరు. కానీ చాలామంది రాసింది "లాగ్" అని, అంటే సాగదీత అని. గొడుగు సీన్ ఫార్వర్డ్ చేసుకోండి అని ఒకడు సలహా కూడా ఇచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"లాగ్ అంటనా? మేము ఒగన్ని సంపేదానికి పద్దెనిమిది దినాలు పడతాది. వానికి రెండు నిమిషాలు ఓపిక లేదంటనా? నేను సెప్తా, రాయమ్మా!"

"తిట్లు రాస్తే తీసేస్తారు నాయనా."

"తిట్టు లేకుండానే రాయి. ఆ మనిషి గొడుగు మూసేటప్పుడే సంపేది అయిపోయింది, కత్తి తీసేది ఊరికే అని రాయి."

రాసింది. చాలామంది మెచ్చుకున్నారని వారం తర్వాత ఫోన్లో చెప్పింది. అభిప్రాయం చెప్పడం సులభమే. ఆ రెండు నిమిషాలు నా ఒంట్లోకి ఎట్లా వస్తాయన్న ఆలోచనే నాకు పట్టుకుంది. పాలు పితికి లేచి, కొట్టంలో కదలకుండా నిలబడటం సాధన చేశాను. ఆవులు కూడా విసుక్కున్నాయి.

ఈ ఏడు ఆఖరి రోజు ఆట గుడుపల్లె దగ్గర ఒక పల్లె మిట్ట మీద. నేను చెయ్యబోయేది జట్టులో ఎవరికీ చెప్పలేదు, అదే నా తప్పు. పాడకుండానే తెర తీయించుకున్నాను. తెర తీశాకా పాడలేదు. గద నేలకు ఆనించి, కిరీటం సర్దుకుని, నన్ను చంపబోయే వేషగాడి వైపే చూస్తూ నిలబడ్డాను. మద్దెలాయన నాకోసం రెండుసార్లు వాయించి ఆపాడు. మాలో వేషగాడు నోరు తెరవలేదంటే ఒకటే అర్థం, పాట మరిచిపోయాడని. హార్మోనియం ఆయన మెల్లగా మొదటి మాట అందించాడు. నేను తీసుకోలేదు. ముందు వరుసలో ఒక అవ్వ, ఏటేటా నన్ను అందరికన్నా గట్టిగా తిట్టే మనిషి, ఇక ఉండబట్టలేక నా పాట తనే ఎత్తుకుంది. ఆమె వెంట ఇంకో ఇరవై మంది. నా పాట ఊరు పాడుతోంది, నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. "ఎండ దెబ్బ తగిలిండాది, సోడా తీసుకురాండప్పా!" అని ఎవరో అరిచారు. పరువు పోయిందనే అనుకున్నాను. అయినా కదల్లేదు.

పాట అయిపోయింది. నేను అట్లాగే ఉన్నాను. మిట్టంతా సద్దుమణిగింది. ఒక్కొక్కరే ఫోన్లు దించారు. పదేళ్లుగా నన్ను చంపుతున్న ఎదుటి వేషగాడు నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు గద ఎత్తాను.

అట్లా నేనెప్పుడూ పోట్లాడలేదు. తొడ మీద దెబ్బ పడింది, బొమ్మ పక్కన పడి కళ్లు మూశాను. జనం చూస్తున్నదీ లేనిదీ ఏటా చచ్చేవాడికి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. చూస్తున్నారు. సంతోషంతో ఏడుపొచ్చింది. శవం ఏడవకూడదు కాబట్టి ఆపుకున్నాను.

అంతా అయ్యాక ఆడవాళ్లు ఆనవాయితీ ప్రకారం బొమ్మ మట్టి పిడికెడు తీసుకుపోతుంటే, ఆ అవ్వ నా దగ్గరికి వచ్చింది.

"ఎట్లుండాదవ్వా ఈ తూరి?" అని అడిగాను.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తిడదామనే వచ్చినా నాయనా. నువ్వట్ల నిలబడుకోని ఉంటే, అయ్యో, ఈ పాపిష్టోనికి సావు తెలిసిపోయిండాదే అనిపించె. నువ్వు పడేటప్పుడు నాకు సూడబుద్ధి గాలా. మొగం తిప్పుకుంటి."

అందరూ నన్ను చూడాలని ఏడాదంతా కొట్టుకులాడినవాణ్ణి, చూడలేకపోయానన్న ఆ అవ్వ కాళ్లకు కిరీటంతోనే మొక్కాను.