ఎడమ కాలి బ్రేకు

పాత బుల్లెట్టుకు కార్బురేటర్ మీద చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే లోపలి పెట్రోలు చెమట పట్టినట్టు పైకి వచ్చి వేలికి అంటుతుంది. ఆ తడి తగిలాకే కిక్కు కొట్టాలి. ఆదివారం పొద్దున ఆ పని చేసి ఎంత సబ్బు పెట్టి కడుక్కున్నా, మధ్యాహ్నం అన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి వేళ్ల నుంచి ఆ వాసన వస్తుంది. నా భార్య విసుక్కుంటుంది. నాకు మాత్రం ఖాదర్ మామ పక్కన కూర్చుని తింటున్నట్టే ఉంటుంది.

మామ మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. అందుకే ఆయన మామ, ఆయన భార్య జైబున్ అత్త. వినుకొండ రోడ్డు మీద ఆయనకు లారీలు తూచే కాటా ఉండేది. పదో తరగతి తప్పి ఏం చేయాలో తెలియక తిరుగుతున్న నన్ను పిలిచి ఆ గదిలో కూర్చోబెట్టాడు. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. నిండు లారీలోంచి ఖాళీ లారీని తీసేస్తూ నేనే నేర్చుకున్నాను. కానీ వచ్చిన లెక్కను ఎంతవరకు నమ్మాలో నేర్పింది మాత్రం మామే.

ఒకసారి రాజుపాలెం నుంచి ఒక పత్తి వ్యాపారి వచ్చాడు. మామకు పాత స్నేహితుడు. తూకం చూసి మామ భుజం మీద చెయ్యేశాడు.

"భాయ్, కాస్త అటూ ఇటుగా రాయరాదూ? మనం మనం ఒకటేగా."

"మనం మనం ఒకటే. కాటాకి మనమెవరో తెలవదుగా. దానికి మొగమాటం లేదయ్యా, నాకుంది. అందుకే తూకం నేను చెప్పను, అదే చెబుద్ది" అని నవ్వి, నా వైపు తిరిగాడు. "ఒరేయ్ కోటేశా, అన్నకి టీ చెప్పు. చక్కెర మాత్రం ఎంత ఎక్కువైనా ఏయమను."

వ్యాపారి వెళ్లాక ఆయన అన్న మాట ఇంకొకటి ఉంది. "నచ్చిన అంకెనే రెండోసారి చూడాలిరా. నచ్చనిదాన్ని ఎట్టాగూ చూస్తావు." నా బతుకులో నేను పట్టుకు తిరిగే సూత్రం ఏదైనా ఉంటే అదే. కూలి లెక్కయినా కరెంటు బిల్లయినా, మనసుకు హాయిగా అనిపించిన చోట ఆగి మళ్లీ చూస్తాను.

వయసు మీద పడ్డాక మామ కాటా నాకు అప్పగించి ఎక్కువగా ఇంటి పట్టునే ఉండేవాడు. వాళ్ల వెనక వసారాలో గోనె సంచుల కింద ఒక బుల్లెట్టు ఉండేది. సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టేవి. దాని సంగతి అందరూ మరిచిపోయారు. ఒక రోజు అత్త పుట్టినూరు మాచర్లలో పెళ్లికి వెళ్లి ఇద్దరూ బస్సులో తిరిగి వచ్చారు. దారి పొడుగునా వాంతులతో అత్త అలిసిపోయింది. నేను మంచినీళ్లు ఇస్తుంటే అరుగు మీద కూలబడి అంది:

"పెళ్లయిన ఏడు నన్ను బండి మీద తీసుకుపోయాడురా మీ మామ. గురజాల దాటినాక గాలికి ముసుగు నిలిస్తే ఒట్టు. మా ఊరికి రాణి పోయినట్టు పోయింది ఆ ఒక్కసారే. ఆ తరవాతంతా ఈ బస్సులూ, ఈ కక్కులూ."

మర్నాడు పొద్దున్నే మామ గోనె సంచులు తీసేశాడు. కోళ్లు గోల పెట్టాయి.

ఆ చలికాలం, ఎండాకాలం మా ఆదివారాలన్నీ ఆ వసారాలోనే గడిచాయి. అత్త పాత చీర ఒకటి నేల మీద పరిచి, విప్పిన సామాను విప్పిన వరసలోనే దాని మీద పేర్చేవాళ్లం. బిగించేటప్పుడు చీర చివరి నుంచి వెనక్కి రావాలి. కిరసనాయిలు పళ్లెంలో ఒక్కో ముక్కా కడగడం మామ పని. ఆరబెట్టి, కొలిచి, సుద్దతో గుర్తు పెట్టడం నా పని. దొరకని ముక్కల కోసం గుంటూరు పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను. అత్త టీలు తెచ్చినప్పుడల్లా ఒక మాట విసిరేది. "ఏమయ్యా, నా చీర ఖాళీ అయ్యే లోపల నేను మాచర్ల చూస్తానా?" "నువ్వు మంచి చెప్పులు కొనుక్కో ముందు" అనేవాడు మామ. అత్త నిజంగానే కొనుక్కుంది.

ఇంజను బిగించే రోజు, సాయానికి పిలిచిన మెకానిక్ ఒక సంగతి అడిగాడు. ఇప్పటి బళ్లకు గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి ఉంటాయి. ఆ పాత బుల్లెట్టుకు తారుమారు. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. "మార్చేద్దామా భాయ్? పెద్ద పనేం కాదు" అన్నాడు.

"నా పెళ్లి బండికి పరాయి కాళ్లు తగిలిస్తావంట్రా? ఎట్టా ఉండేదో అట్టాగే ఉండాల" అన్నాడు మామ. అందరం నవ్వాం. నాకూ అదే సరి అనిపించింది. ఆయన అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఊళ్లో తిరగడానికి కుడి కాలి బ్రేకు ఉన్న చిన్న బండినే తోలుతున్నాడన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక బండిని వీధిలోకి దించాం. ఆ పూట వీధి చివరిదాకా ఒక చుట్టు, మర్నాడు మాచర్ల. కొత్త చెప్పులు వేసుకుని అత్త గుమ్మంలో నిలబడింది. రెండో కిక్కుకు ఇంజను అందుకుంది. ఆ దడదడకు వాళ్ల వంటింట్లో స్టీలు గిన్నెలు కూడా మోగాయి. మామ తల వెనక్కి విరిచి, చెయ్యి ఊపుకుంటూ వెళ్లాడు. వీధి చివర తిప్పుకుని వస్తుంటే, ఇల్లు కడుతున్న చోట ఒక మేక అడ్డం వచ్చింది. మామ కుడి కాలితో గట్టిగా తొక్కాడు. అది గేరు. బండి ఒక్క మూలుగు మూలిగి, ఆగకుండా నేరుగా ఇసుక గుట్టలోకి దూరింది. ఎవరో పడుకోబెట్టినట్టు మామ నెమ్మదిగా పక్కకు ఒరిగాడు.

దెబ్బ పెద్దదేం కాదు, మోచెయ్యి గీసుకుంది. కానీ వీధంతా చూసింది. "ఏంది భాయ్, బండిని ఇసకలో నాటుతుండావా? మొలుస్తాదంటావా?" అని తాపీ మేస్త్రి అరిచాడు. పిల్లలు పగలబడి నవ్వారు. మామ లేచి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ముందు కుడి కాలు, తరవాత ఎడమ కాలు. ఆ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన కాలు ఎక్కడ పడిందో నేను చూశాను. అత్త కూడా చూసింది. ఆయన నోరు తెరవకముందే ఆమె గొంతు లేచింది.

"బ్రేకు పట్టలా! ఈ కోటేశుగాడు బిగించిన బ్రేకు. సరిగ్గా చూడరా, సరిగ్గా చూడరా అని చెబుతూనే ఉండా!"

అలా అంటూ నా కళ్లలోకి చూసింది. నాకు అర్థమైంది. "అవునత్తా, నేనే వదులుగా బిగించాను" అన్నాను. మామ ఇసుక దులుపుకున్నాడు. "అదే. బ్రేకు పట్టలా" అన్నాడు.

ఆ సాయంత్రం అందరికీ మనసు తేలికపడింది. ఆ తేలికే మమ్మల్ని ముంచింది. ఆ వారం నుంచి ఆదివారం వస్తే చాలు, మేం ఏ జబ్బూ లేని బ్రేకును విప్పేవాళ్లం. కొత్త బ్రేకు షూలు వేశాం, కొత్త స్ప్రింగు వేశాం. స్టాండు మీద చక్రం తిప్పి, మామ చేత్తో పెడలు నొక్కేవాడు. చక్రం టక్కున ఆగేది.

"పట్టుద్దిగా?"

"పట్టుద్ది మామా."

"దేనికైనా మంచిది, వచ్చే వారం ఇంకోసారి చూద్దాం."

బండి మాత్రం ఎక్కేవాడు కాదు. బ్రేకు బాగుందని ఒప్పుకుంటే, మరి బాగాలేనిది ఏదో చెప్పాల్సి వస్తుంది. ఒకసారి నేనే ధైర్యం చేశాను. "మామా, పొద్దున్నే ఖాళీ స్థలంలో నాలుగు చుట్లు తిప్పుదాం. కాళ్లకి కాస్త అలవాటు..."

"కాళ్లకేంది?" అన్నాడు తలెత్తి. ఎంత మెల్లగా అన్నాడంటే, నేను వెంటనే మాట మార్చేశాను. "కాళ్లకేం లేదు మామా, బ్రేకు సంగతే" అన్నాను.

ఆ వానాకాలం జ్వరంతో మంచం పట్టి, మామ మళ్లీ లేవలేదు. చివరి ఆదివారం కూడా బ్రేకు చూశావా అని అడిగాడు. చూశానన్నాను.

కొన్నాళ్లకు అత్త బండి తాళం చెవి నా చేతిలో పెట్టి, కోళ్ల పాలు కాకుండా చూడమంది. నేను కాటా వెనక ఖాళీ జాగాలో ఆ బండి నేర్చుకున్నాను. పడ్డాను. హమాలీలు నవ్వారు. కొద్ది రోజులకే కాళ్లు దారిన పడ్డాయి. అంత చిన్న పని అది! అంత చిన్నదని తెలియడమే నాకు కష్టంగా ఉంది. నేర్చుకున్నాక అత్త దగ్గరికి వెళ్లి, "రేపు మాచర్ల తీసుకుపోతా, చెప్పులేసుకో" అన్నాను. అత్త చేటలో బియ్యం ఏరుతోంది.

"నాకు మాచర్ల పోవాలని కాదురా. ఆయన తీసుకుపోవాలని" అంది. తరవాత చేట పక్కన పెట్టింది. "ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. సిగ్గుతో రెండు పూటలు అన్నం మానేసేవాడు. నా మీదా, నీ మీదా ఎగిరేవాడు. తరవాత ఆయనే పోయి నేర్చుకునేవాడు. చానా మొండోడు గదా."

అత్త అన్న ఆ అబద్ధం ఆ రోజు మా ముగ్గురికీ నచ్చింది. నచ్చినదాన్నే రెండోసారి చూడాలని చెప్పిన మనిషి మధ్యలో ఉండగా, ముగ్గురిలో ఎవరమూ చూడలేదు.

కాటా నేనే నడుపుతున్నాను. తెలిసినవాళ్లు వచ్చి అటూ ఇటుగా రాయమంటే టీ చెబుతాను. రోజూ తిరగడానికి నాకు మామూలు బండి ఉంది, కుడి కాలి బ్రేకుది. ఆదివారం పూట బుల్లెట్టు తోలినందుకో ఏమో, సోమవారం వినుకొండ రోడ్డు మీద ఏ ఆటోనో అడ్డం వస్తే ఒక్కోసారి నా ఎడమ కాలు కిందికి పోతుంది. అక్కడ ఉండేది గేరు. బండి ఎగిరిపడుతుంది. పక్కవాళ్లు ఆగి, "ఏందయ్యా, బ్రేకు పట్టలేదా?" అని అడుగుతారు.

"బ్రేకు బాగానే ఉంది. కాలు తప్పింది" అంటాను.